దుబాసీలు, దండు బజారు, ఇంగ్లీషు వ్యాకరణము

క్రీ.శ. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. పెద్ద పరివారముతో హైదరాబాదు చేరి, సికింద్రాబాదు దండు చూచి, అక్కడనుండి మేడ్చలు త్రోవను ఉత్తరముగా సాగిపోయిరి. బొల్లారము ప్రక్కనున్న కౌకూరు ఆ త్రోవకు తూర్పుగా కొద్ది దూరములోనే యున్నది. నేటి ప్రసంగమునకు నేనును ఆ త్రోవనే పట్టుకొనుచున్నాను. ఏలయనగా ఆ కాలమున ఆ త్రోవమీద మనవారి నోట ఇంగ్లీషు భాష రెండు రూపములతో నడచుచుండెను. పల్లకీలో పోవు పెద్దమనిషి ఇంగ్లీషు ఒకటి, దండులో దొరలకు వంటచేసి గుఱ్ఱములను మాలీసు చేయువారి ఇంగ్లీషు మరియొకటి. రెండును తల్లి ఒడిలో నేర్చినవి కావు. రెంటికిని వ్యాకరణము కలదు. ఆ వ్యాకరణము ఎక్కడనుండి వచ్చినది, దానిని నేర్చుటలో ఏమి పోయినది, ఏమి నిలిచినది అన్నదే నేను చెప్పదలచిన సంగతి.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ, అనగా ఇంటర్‌ప్రిటరు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, పండ్రెండేండ్ల ప్రాయమునకే ఇంగ్లీషు ధారాళముగా చదువ నేర్చిరని వారి జీవితమును గూర్చి చెప్పుదురు. వారి యాత్రాచరిత్రను మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో అచ్చువేయించిరి. పండ్రెండేండ్ల బాలునికి ఆ భాష వ్యాకరణమును ఎవరు చెప్పియుందురు? చాలమట్టుకు ఎవరును చెప్పియుండరనియే నా తలంపు. ఆ కాలపు పద్ధతి అటువంటిది. ముందు అక్షరములు, తరువాత మాటల పట్టికలు, ఆ తరువాత ఏదో యొక కథలపుస్తకము. కచ్చేరీలో చేరిన కుఱ్ఱవానికి దస్తావేజుల నకళ్ళే పాఠ్యగ్రంథములు. వ్రాసి వ్రాసి, దొరల మాట విని విని భాష పట్టుబడవలెను. చేతివ్రాత ముందు కుదురును, అర్థము తరువాత తెలియును, వ్యాకరణము వచ్చిన వచ్చును, లేకున్న లేదు.

ఈ పద్ధతిని చూచి ఊరకుండలేని తెనుగువాడు ఒకరుండిరి. ఆయన ఒంగోలు ప్రాంతమువారైన వెన్నెలకంటి సుబ్బారావుగారు. 1784లో పుట్టి 1839లో గతించిరి. 1815 మొదలు 1829 వఱకు చెన్నపట్టణపు సదరు అదాలతులో భాషాంతరకర్తగాను దుబాసీగాను పనిచేసిరి. తమ జీవితమును తామే ఇంగ్లీషులో వ్రాసికొనిరి. అది వారు పోయిన చాలకాలమునకు, 1873లో అచ్చయినది. 1820లో వారు మద్రాసు స్కూలుబుక్కు సొసైటీలో సభ్యులై, బడులలో చదువు నడచుచున్న తీరును గూర్చి ఆ సంఘమునకు తెలియజేసిరి. పిల్లలు ఏండ్లతరబడి పుటలు చదువుచున్నారే గాని వ్యాకరణము తెలియక భాషయొక్క లోతు ఎఱుగకున్నారని వారి యారాటము. ఈ మాట దొర యెవడో అన్నది కాదు. న్యాయస్థానములో పదునాలుగేండ్లు రెండు భాషల నడుమ నిలుచున్న మనిషి యన్నది. అందుచేత నేను దానికి ఎక్కువ విలువ నిచ్చుచున్నాను.

ఇక్కడ ఒక చిత్రము గమనింపవలెను. అదే కాలమున ఇంగ్లీషువారు తెనుగు నేర్చుట యెట్లు? 1812లో ఎల్లిసుదొర పూనికతో చెన్నపట్టణపు కోటలో కళాశాల పెట్టి, సీమనుండి వచ్చిన యువకులకు పండితులను కుదిర్చిరి. 1814లో శ్రీరామపురమున కేరీయొక్క తెనుగు వ్యాకరణమును, 1816లో చెన్నపట్టణమున క్యాంబెలుయొక్క తెనుగు వ్యాకరణమును వెలువడెను. మన భాష నేర్చుకొను దొరకు వ్యాకరణమును పండితుడును జీతమును కలవు. వాని భాష నేర్చుకొను మనవానికి నకలు కాగితము కలదు. ఏలుబడి చేయువాని చదువునకును కొలువు చేయువాని చదువునకును గల భేదము ఇదియే.

మరి వ్యాకరణము లేకున్న నష్టమేమి? పని జరిగిపోవుచున్నది గదా అని అడుగవచ్చును. నేను చాలకాలము ఇంగ్లీషు వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను. ఈ ప్రశ్నకు సమాధానము బడిలో కంటె న్యాయస్థానములో తేటగా కనబడునని నా నమ్మకము. దుబాసీ నోట తప్పు దొరలిన మార్కులు పోవు. పొలము పోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ఒక పల్లెటూరి సాక్షి బోనులో నిలుచున్నాడనుకొనుడు. “వాడు ఆవును తోలుకొని పోయినాడట” అనెను. ఆ చివరనున్న ‘అట’ యెంత చిన్నది! అయినను ఆ రెండక్షరములలో సాక్షి తన మనస్సాక్షిని దాచుకొన్నాడు. తాను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. ఇంగ్లీషు క్రియకు ఇట్టి ప్రత్యయము లేదు. తొందరపాటు దుబాసీ ‘హీ డ్రోవ్ అవే ది కౌ’ అనెనా, విన్నవాడు చూచినవాడయ్యెను. అది ఇంగ్లీషు న్యాయమునకు ప్రాణస్థానము. చెప్పుడుమాట సాక్ష్యముగా చెల్లదన్నది వారి న్యాయశాస్త్రపు మూలసూత్రములలో నొకటి. 1872లో మన దేశమునకు చేసిన సాక్ష్యపు చట్టము కూడ నోటిసాక్ష్యము ప్రత్యక్షముగా నుండవలెనని విధించినది. కాబట్టి ‘అట’ను పారవేసిన దుబాసీ ఒక ప్రత్యయమును పారవేయలేదు, ఒక రక్షణను పారవేసినాడు. దానిని నిలుపవలెనన్న ‘ఇట్ ఈజ్ సెడ్’ అనియో ‘ఐ హర్డ్’ అనియో వేరొక వాక్యమునే కట్టవలెను. అది తెలియుటకు రెండు వ్యాకరణములును తెలియవలెను.

మరియొకటి. “మేము పోతిమి” అన్నను “మనము పోతిమి” అన్నను ఇంగ్లీషులో ‘వీ’ యే. ఒక ముద్దాయి తన ప్రక్కవానిని చూచి “మనము ఆ రాత్రి ఊరిలోనే యుంటిమి గదా” అన్న, వానినికూడ కలుపుకొన్నాడు. “మేము” అన్న, వానిని వెలిగా నుంచినాడు. ఒకనిని కేసులోనికి ఈడ్చునో బయటకు నెట్టునో ఆ మాట. ‘వీ’ అనునది రెంటిని ఒకే గోతములో వేసి కుట్టివేయును. “తన” అను మాటయు అట్లే. “రామన్న సోమన్నను తన యింటికి పంపినాడు” అన్న, ఇల్లు రామన్నది. “వాని యింటికి” అన్న, సోమన్నదో మరియొకనిదో. ఇంగ్లీషులో అన్నియు ‘హిజ్ హౌస్’. తనఖా వ్యాజ్యములో ఇల్లెవరిదన్న ప్రశ్నకు ఇంతకంటె ప్రమాదకరమైన మాట యుండునా!

ఇదంతయు మన భాష చెప్పగలిగినది ఇంగ్లీషు చెప్పలేని చోటు. దీనికి ఎదురుగా, మన భాష చెప్పక విడిచినదానిని ఇంగ్లీషు పట్టుబట్టి అడుగు చోట్లును కలవు. “పొలము అమ్మినాను” అని రైతు అనును. ‘ఎ ఫీల్డ్’ అనవలెనా, ‘ది ఫీల్డ్’ అనవలెనా? ఏదో యొక పొలమా, ఇంతకుముందు ప్రస్తావనకు వచ్చిన ఆ పొలమేనా? తెనుగులో సందర్భమే చెప్పును. ఇంగ్లీషు దుబాసీ నోరు విప్పుటకు ముందే తీర్పు చెప్పవలెను. వ్యాకరణ గ్రంథములలో ‘ఎ’, ‘ది’ అను ఉపపదములు రెండు పుటలలో ముగిసిపోవును. నేర్చువానికి మాత్రము అవి జన్మమంతయు ముగియవు. ముప్పదియేండ్లు ఇంగ్లీషులో వ్యవహరించిన వకీళ్ళు కూడ అక్కడనే కాలుజారుట నేను చూచినాను.

ఇక దండు సంగతి. సికింద్రాబాదునకు ఆ పేరు 1806లో సికిందరుజా ప్రభువు పేరిట వచ్చినది. అక్కడి పటాలములు మద్రాసు సైన్యములోనివి. వానివెంట మద్రాసునుండి వంటవాండ్రు, బట్లర్లు, ఆయాలు, గుఱ్ఱపువాండ్రు వచ్చిరి. తెనుగువారును అరవవారును వీరిలో ఉండిరి. బొల్లారములో నిజాముగారి కంటింజెంటు పటాలము వెలసెను. అక్కడ రెసిడెంటు విడిదికి కట్టిన మేడయే నేటి రాష్ట్రపతి నిలయము. కౌకూరువంటి పల్లెలు ఈ దండునకు పాలు, గడ్డి, కట్టెలు, కూలిమనుష్యులను ఇచ్చుచు దాని నీడలో బ్రతికినవి. ఇంగ్లీషు మాట అక్కడి పిల్లల చెవులను సోకినంతగా ఒంగోలు అగ్రహారములో ఏ పిల్లవాని చెవిని సోకియుండదు. వినికిడియే చాలునన్న యెడల, దొరతనపు కొలువులన్నియు దండు ప్రక్క పల్లెలవారికే దక్కవలసియుండెను. అట్లు జరుగలేదు.

వారు నేర్చిన ఇంగ్లీషునకు లోకము ‘బట్లరింగ్లీషు’ అని పేరుపెట్టి నవ్వినది. 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ అను ప్రసిద్ధ నిఘంటువులో దాని లక్షణములు కొన్ని చెప్పబడినవి. ‘ఐ టెల్లింగ్’ అన్న చెప్పుదును అని అర్థము. ‘ఐ డన్ టెల్’ అన్న చెప్పినాను. ‘డన్ కమ్’ అన్న వచ్చేసినాడు. నిఘంటుకారులు దీనిని విరిగిన భాషయనిరి. 1891లో షూఖర్టు అను భాషాశాస్త్రజ్ఞుడు మాత్రము ఇట్టి హిందూదేశపు ఇంగ్లీషును చేతగానితనముగా గాక శాస్త్రదృష్టితో పరిశీలించెను. నా అభిప్రాయమును ఆయన ప్రక్కనే. ‘డన్ కమ్’ అన్నవాడు వ్యాకరణము లేనివాడు కాడు. “వచ్చినాడు” వేరు, “వచ్చేసినాడు” వేరు అని వాని తల్లిభాష వానికి నేర్పినది. పని ముగిసినదని చెప్పుటకు క్రియమీద మరియొక క్రియను మోపుట తెనుగునకును అరవమునకును సహజము. దొరల ‘హావ్ కమ్’ అను రూపములో ‘కలిగియుండుట’ అను అర్థముగల మాట యేల దూరినదో వానికి అంతుపట్టలేదు. అంతుపట్టునట్లు చెప్పినవారును లేరు. దొరికిన ఇంగ్లీషు మాటలను తన వ్యాకరణపు అచ్చులో పోసికొన్నాడు. పండితుని ఇంగ్లీషులో ఇదియే జరుగును, గాని అక్కడ దానిని కనబడకుండ దిద్దుకొనుటకు తీరిక కలదు.

పందొమ్మిదవ శతాబ్దము నడచినకొలది వ్యాకరణ గ్రంథములు వచ్చిపడినవి. సుబ్బారావుగారు కోరినది దొరికినదా యన్న, సగమే దొరికినది. లిండ్లీ మరే యను ఆయన 1795లో వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణము చాలకాలము ఇంగ్లండులోను అమెరికాలోను మన దేశములోను రాజ్యమేలినది. ఈయన అమెరికాలో పుట్టిన వకీలు. యార్కు నగరముదగ్గర స్థిరపడి, అక్కడి బాలికల పాఠశాల కోసము ఆ గ్రంథము వ్రాసెను. ఇంగ్లీషు తల్లిపాలతో త్రాగిన బాలికలు అక్కడక్కడ నోరు జారకుండ దిద్దుటకు చేసిన పుస్తకము గోదావరి తీరపు బాలునికి తొలిపాఠమైనది. పైగా ఇంగ్లీషు వ్యాకరణము తనంతట తాను పుట్టినది కాదు. 1586లో బుల్లోకరు వ్రాసిన మొట్టమొదటి ఇంగ్లీషు వ్యాకరణము లిల్లీ యొక్క లాటిను వ్యాకరణమును చూచి దిద్దుకొన్నది. 1762లో బిషప్ లౌతు, ఆయన తరువాత మరే, అదే మూసను కొంచెము సడలించిరి. లాటినులో నామమునకు విభక్తులు కలవు. ఇంగ్లీషులో అవి రాలిపోయినవి. పెట్టె మిగిలినది, లోని సరకు లేదు. మనమును దీనికి నవ్వవలసిన పనిలేదు. నన్నయ పేర చెల్లుచున్న ఆంధ్రశబ్దచింతామణి తెనుగునకు సంస్కృతములో చెప్పిన వ్యాకరణమే కదా!

ఈ పుస్తకములను తెనుగు బడిలో చెప్పిన విధము మరియొక వింతను పుట్టించినది. ‘ఐ యామ్ ఎ బాయ్’ అను వాక్యమునకు “నేను ఒక బాలుడనై యున్నాను” అనియు, ‘ఐ హావ్ ఎ కౌ’ అను వాక్యమునకు “నేను ఒక ఆవును కలిగియున్నాను” అనియు అర్థము చెప్పించిరి. ఏ యింటను ఎవరును మాటలాడని తెనుగిది. “నాకు ఒక ఆవున్నది” అని చెప్పి, చూడుము, మన భాషలో ఆవు కర్త, వారి భాషలో నేను కర్త అని ఒక్క మాట చెప్పినచో పిల్లవానికి వెలుగు వచ్చెడిది. ఆ పని చేయక, తెనుగును ఇంగ్లీషు అచ్చులోనికి వంచి, రెండింటిని చెఱచిరి. బ్రౌనుదొరగారి వాక్యావళి, 1852లో చెన్నపట్టణమున అచ్చయినది, ఇంగ్లీషు నుడికారమునకు ఎదురుగా తెనుగు నుడికారమును పెట్టి చూపినది. అది మంచి త్రోవ. కాని పరీక్షల రాజ్యములో ఆ త్రోవకు బాటసారులు తక్కువ. తరువాత 1890 ప్రాంతమున నెస్‌ఫీల్డు, 1930వ దశకములో రెన్, మార్టినుల పుస్తకము వచ్చి బడులను నింపినవి. ఈ రెన్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు, పేరుపడ్డ నవలాకారుడు. ఆయన వ్యాకరణము ఇప్పటికిని అమ్ముడుపోవుచున్నది. నేనును దానినే చెప్పినాను. అందులో వాక్యమును ఖండించి చూపు భాగములు మంచివి. కాని మన పిల్లవాడు ‘ఐ యామ్ నోయింగ్’ అని యేల అనునో దానిలో వెదకిన దొరకదు.

ఇక్కడ మనవారిని కొంచెము విడిచి స్పానిషు వారివైపు చూచెదము. మన చిక్కులలో ఏవి మనవి, ఏవి ఇంగ్లీషువి అని తేల్చుటకు మరియొక భాషవాడు ప్రక్కనుండుట మేలు. స్పానిషు భాషకు వ్యాకరణము ఇంగ్లీషుకంటె ముందే పుట్టినది. 1492లో ఆంతోనియో దె నెబ్రిహా దానిని వ్రాసి ఇసబెల్లా రాణికి సమర్పించెను. రాణి జయించు ప్రజలకు రాణిగారి శాసనములతోబాటు ఆమె భాషయు కావలసివచ్చునని ఆయన పీఠికలోని వాదము. కొలంబసు ఓడలెక్కిన సంవత్సరమదియే. దొరతనమునకును వ్యాకరణమునకును గల చుట్టరికము అంత పాతది.

అట్టి భాషవాడు ఇంగ్లీషు నేర్చునపుడు ఎక్కడ తడబడును? ‘ఎ’, ‘ది’ లను గూర్చి వానికి మనకున్నంత దిగులు లేదు. వాని భాషలో అట్టివి కలవు. వాని జబ్బు వేరు. అక్కరలేనిచోట కూడ ‘ది’ పెట్టి, జీవితము అందమైనది అనుటకు ‘ది లైఫ్’ అని యెత్తుకొనును. విశేషణము మనకు నామమునకు ముందుండును, లింగవచనములతో మారదు. ఇంగ్లీషులోను అంతే. స్పానిషులో అది సాధారణముగా వెనుకనుండి వచ్చును, బహువచనమును ధరించును. ఇక్కడ సుఖము మనది. వాని ‘సు కాసా’ అను మాటకు వాని యిల్లు, ఆమె యిల్లు, మీ యిల్లు, వారి యిల్లు అని ఎన్ని అర్థములైనను చెప్పవచ్చును. ఆ భాషవానికి ‘హిజ్’, ‘హర్’ లు గండము. మనకు క్రియలో “వచ్చినది” అన్న స్త్రీయు కావచ్చును, బండియు కావచ్చును. కనుక ‘షీ’, ‘ఇట్’ ల నడుమ మన పిల్లలు తొట్రుపడుదురు.

అయితే కొన్నిచోట్ల మేడ్చలు బాలుడును మెక్సికో బాలుడును ఒకే బావిలో పడుదురు. ఇరువురి భాషలలోను కర్తను చెప్పకయే వాక్యము నడచును. మనము “నిజమే” అందుము. వాడు ‘ఎస్ వెర్దాద్’ అనును. ఇంగ్లీషు మాత్రము ‘ఇట్ ఈజ్ ట్రూ’ అని ‘ఇట్’ను కూర్చుండబెట్టనిదే కదలదు. వాన కురియుచున్నదనుటకును ‘ఇట్’ కావలెను. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, “అయ్యా, వానను కురిపించు ఆ ‘ఇట్’ ఎవరు?” అని నన్ను అడిగెను. రెన్, మార్టినులు ఇరువురు కూడి వచ్చినను అంతకంటె మంచి ప్రశ్న వేయలేరు. మాట చివర మనకు “కదా” ఒక్కటియే, వారికి ‘నో’ అనియో ‘వెర్దాద్’ అనియో ఒక్క మాటయే. ఇంగ్లీషువారు క్రియ మారినప్పుడెల్ల ఆ తోకను మార్చుదురు. అందుచేతనే ఇరువురును ‘ఈజింట్ ఇట్’ అను ఒక్క తోకను అన్ని వాక్యములకును కట్టుదురు. “నాకు నచ్చినది” అను మన వాక్యమునకు అచ్చముగా ‘మె గుస్తా’ అను వారి వాక్యము సరిపోవును. రెండింటను నచ్చిన వస్తువే కర్త, నేను నాలుగవ విభక్తిలో ఒదిగి కూర్చుందును. ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అని నేనే కర్తనై ముందుకు వచ్చెదను. ఇది ఇంగ్లీషువారి పుట్టుబుద్ధియా యన్న, కాదు. కొన్ని శతాబ్దముల క్రిందట వారును ‘ఇట్ లైక్స్ మీ’ అనియే అనుచుండిరి. ‘మీథింక్స్’ అను పాతమాట దాని యవశేషము.

ఈ పోలికలను శాస్త్రముగా నిలిపినవాడు స్పానిషు ఇంట పుట్టినవాడే. రాబర్టు లాడో 1915లో అమెరికాలోని టాంపా నగరమున స్పెయిను దేశపు తల్లిదండ్రులకు పుట్టెను. ఇంగ్లీషు నోట పట్టకమునుపే వారు ఆయనను స్పెయినుకు తీసికొనిపోయిరి. ఇరువదియొకటవ యేట తిరిగి అమెరికా చేరిన తరువాతనే ఇంగ్లీషు నేర్చుకొనెను. 1957లో ఆయన గ్రంథము వెలువడెను. నేర్చువాడు తన భాష రూపములను, అర్థములను కొత్తభాషలోనికి మోసికొని వచ్చును. కాబట్టి ముందు రెండు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఎక్కడ పొసగదో అక్కడ పాఠము కట్టుడు. ఆయన వాదము స్థూలముగా నిది. సుబ్బారావుగారి యారాటమునకు నూటముప్పదియేడేండ్ల తరువాత వచ్చిన జవాబని నాకు తోచును. లాడో చెప్పినది సంపూర్ణసత్యము కాదు. 1967లో పిట్ కార్డరు మొదలగువారు నేర్చువాని తప్పులన్నింటిని తల్లిభాష నెత్తిన రుద్దరాదని చూపిరి. ‘వెంట్’ అనవలసినచోట ‘గోడ్’ అని మన పిల్లవాడు అనును, స్పానిషు పిల్లవాడు అనును, లండనులోని ఇంగ్లీషు పసివాడును అనును. అది వ్యాకరణమును పట్టుకొనుచున్న మనస్సు చేయు పని. అయినను కౌకూరు బాలుని ‘ఐ యామ్ నోయింగ్’ ఆ లండను పసివాని నోట సాధారణముగా రాదు.

నిజాము రాష్ట్రములోని తెనుగు బాలునికి బరువు మరియొకటి హెచ్చు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా, ఇంగ్లీషు తప్పనిసరి విషయముగా ఏర్పడినది. దేశభాషలో ఉన్నతవిద్య యన్నది గొప్ప తలంపే. కాని ఆ దేశభాష కౌకూరు ఇంటిభాష కాదు. ఇంట తెనుగు, బడిలో ఉర్దూ, దండులో ఇంగ్లీషు. ఇంగ్లీషు వ్యాకరణమును ఉర్దూలో వినవలెను. ఉర్దూలో ‘ముఝే మాలూమ్ హై’ అని చతుర్థియే యుండుటచేత కొంత ఊరట. 1948 తరువాత ఆ విశ్వవిద్యాలయము ఇంగ్లీషు బోధనకు మరలినది. సముద్రములకావల పోర్టోరికో ద్వీపములో దీనికి వ్యతిరిక్తముగా జరిగినది. 1898లో అది స్పెయిను చేతినుండి అమెరికా చేతికి పోయెను. అప్పటినుండి బడులలో ఇంగ్లీషును ఎక్కించుటకు అర్ధశతాబ్దము ప్రయత్నించి, 1949లో స్పానిషునే బోధనాభాషగా నిలిపి, ఇంగ్లీషును ఒక విషయముగా చెప్పసాగిరి. ఒకే దశాబ్దములో ఒకచోట పరభాష బోధనాభాషయైనది, ఒకచోట కాకపోయినది. ఎవరి లాభనష్టములు వారివి. నా మట్టుకు నేను పోర్టోరికో నిర్ణయము పక్షమున నుందును.

1958లో హైదరాబాదున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ నెలకొన్నది. ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చుట దాని ముఖ్యమైన పని. తరువాత ఇతర విదేశభాషలును చేరి, 2007లో అది విశ్వవిద్యాలయమైనది. స్పానిషును కూడ అక్కడ చెప్పుదురు. ఇంగ్లీషు ద్వారా స్పానిషు నేర్చుచున్న తెనుగు విద్యార్థి యొకడు ‘మె గుస్తా’ దగ్గర తలపట్టుకొని నాయొద్దకు వచ్చినాడు. ‘ఐ లైక్’ అను వాక్యమును తలక్రిందులు చేయుమని వాని పుస్తకము చెప్పుచున్నది. నేను “నాకు నచ్చును” అన్నాను. వాడు నవ్వి పుస్తకము మూసినాడు. ఇంటిలోనున్న వ్యాకరణమును వాడు సీమ చుట్టివచ్చి వెదకుచుండెను.

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణములోని ప్రభుత్వపాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు బోధన ప్రవేశపెట్టబడినది. దానికొరకు రెండు భాషల పుస్తకములు అచ్చువేసిరి. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెనుగు. బ్రౌనుదొర వాక్యావళిని ఎఱిగినవారికి ఇది చుట్టపుచూపు వంటిది. నేను అట్టి పుస్తకము నొకదానిని తెఱచి, సాక్షి బోనును తలచుకొని, ఎదురెదురు పుటలను వ్రేలితో పోల్చుచు చదివినాను. తెనుగు పుటలో “మనము” ఒకచోట, “మేము” ఒకచోట కనబడినవి. రెంటికిని ఎదుట, ఇంగ్లీషు పుటలో, ‘వీ’ యే యున్నది.